మోర్మన్ నాయకులకు అందిన 19వ శతాబ్దపు ఉత్తరాలు: వెతకడం, చదవడం, అర్థం చేసుకోవడం ఎలా?

1835 డిసెంబరు 5న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కర్ట్‌లాండ్ ఊళ్లో ఉన్న మోర్మన్ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఒక బేరింగు ఉత్తరం వచ్చింది. డబ్బు కట్టి విడిపించుకుని చూస్తే అందులో పనికొచ్చే సంగతి ఒక్కటీ లేదు. ఖర్చు మాత్రం 25 సెంట్లు. ముక్కూమొహం తెలియనివారు కూడా ఇలా రాసి తన చేత డబ్బు కట్టిస్తున్నారని, తన నుంచి ఏదైనా తెలుసుకోవాలనుకునేవారు తపాలా ఖర్చు తామే పెట్టుకోవడం కనీస మర్యాద అని ఆనాటి ఆయన డైరీలో ఉంది. అదే నెలలో చర్చి పత్రికలో ఆ సంగతి బహిరంగంగానే ప్రకటించారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. చర్చి స్థాపించి ఐదేళ్లే అయింది. అయినా ఎక్కడెక్కడి వారో ఆయనకు రాయడం మొదలుపెట్టారు.

ఆ ఉత్తరాల ప్రవాహం శతాబ్దం చివరి వరకూ ఆగలేదు. నాయకుడు ఏమి చెప్పాడో ప్రసంగాల సంపుటాల్లో దొరుకుతుంది. ఆయనకు జనం ఏమి చెప్పుకున్నారో తెలియాలంటే మాత్రం ఈ ఉత్తరాలే దిక్కు. మోర్మన్ చరిత్రలో ఇంతకన్నా విలువైన ఆధారం లేదని నా గట్టి నమ్మకం. చరిత్ర విద్యార్థులు, వలసల మీద పరిశోధన చేసేవారు, పాత చేతిరాతల మీద ఆసక్తి ఉన్నవారు ఈ ఉత్తరాలను ఎలా చదవాలో మెట్టు మెట్టుగా చెబుతాను. ఇంగ్లీషు చదవడం వచ్చి, ఓపిక ఉంటే చాలు. మిగతాది సాధనతో వస్తుంది.

మొదటి మెట్టు: నాయకుణ్ని, కాలాన్ని ఎంచుకోండి

మోర్మన్లు అని లోకం పిలిచే ఈ సంఘం నేటి పూర్తి పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. 19వ శతాబ్దంలో దీన్ని ఎక్కువ కాలం నడిపినవారు నలుగురు: 1844లో ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలులో అల్లరి మూక చేతిలో హతమయ్యే వరకూ జోసెఫ్ స్మిత్, 1847 నుంచి 1877లో మరణించే వరకూ బ్రిగమ్ యంగ్, 1880 నుంచి 1887 వరకూ జాన్ టేలర్, 1889 నుంచి 1898 వరకూ విల్‌ఫర్డ్ వుడ్రఫ్.

వీరికి వచ్చిన ఉత్తరాల స్వభావం ఒకటి కాదు. జోసెఫ్ స్మిత్‌కు వచ్చినవాటిలో మిగిలినవి తక్కువ, కాబట్టి ప్రతి కాగితాన్నీ పరిశోధకులు జల్లెడ పట్టారు. బ్రిగమ్ యంగ్ సంగతి పూర్తిగా వేరు. ఆయన చర్చి అధ్యక్షుడే కాదు, 1850లలో ఎక్కువ కాలం అమెరికా పశ్చిమాన మోర్మన్లు స్థిరపడిన యూటా ప్రాంతానికి గవర్నరు, మూలవాసుల వ్యవహారాల సూపరింటెండెంటు కూడా. అందుకే ఆయన దస్త్రాల్లో ఒక ఉత్తరం దైవచింతన గురించి ఉంటే, పక్కది నీటి కాలువ తగాదా గురించి, ఆ పక్కది కాపురం నిలవని ఒక ఇల్లాలు విడాకులు కోరుతూ రాసింది. జాన్ టేలర్ తన చివరి రెండేళ్లకు పైగా బహుభార్యాత్వ కేసుల వల్ల ఫెడరల్ అధికారులకు చిక్కకుండా అజ్ఞాతంలో గడిపారు. ఆ కాలపు ఉత్తరాలు ఆయనకు చేరిన తీరే ఒక పరిశోధనాంశం. వుడ్రఫ్ 1890 సెప్టెంబరులో కొత్త బహుభార్యాత్వ వివాహాలకు స్వస్తి పలుకుతూ ప్రకటన చేశారు. దానికి ముందూ తర్వాతా వచ్చిన ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

కొత్తవారికి నా సలహా: జోసెఫ్ స్మిత్‌తో మొదలుపెట్టండి, తర్వాత వుడ్రఫ్ వైపు వెళ్లండి, యంగ్‌ను చివరికి ఉంచండి. యంగ్ దస్త్రాలు సముద్రం. ఒడ్డున ఈత నేర్చుకోకుండా దిగితే దారి తెలియదు.

రెండో మెట్టు: ఎక్కడ వెతకాలి

ఉత్తరం అందుకున్నవారి దగ్గర ఉంటుంది, రాసినవారి దగ్గర కాదు. చిన్న సూత్రమే అయినా చాలామంది దీన్ని మరిచి తప్పు చోట వెతుకుతారు. మోర్మన్లకు మిత్రుడిగా నిలిచిన ఫిలడెల్ఫియా న్యాయవాది థామస్ కేన్ ఉదాహరణ చూడండి. ఆయన యంగ్‌కు రాసినవి యూటాలో చర్చి కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీలో, చర్చి దస్త్రాల్లో వెతకాలి. యంగ్ ఆయనకు రాసినవి కేన్ కుటుంబపు కాగితాల్లో ఉంటాయి. వాటిలో పెద్ద భాగం ఇప్పుడు ప్రోవోలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరింది. ఇద్దరి మాటలూ వినాలంటే రెండు చోట్లా చూడాల్సిందే.

జోసెఫ్ స్మిత్ పత్రాలు జోసెఫ్ స్మిత్ పేపర్స్ అనే ప్రాజెక్టు కింద 2008 నుంచి 2023 వరకూ 27 సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆన్‌లైన్‌లో మూలప్రతి బొమ్మ, పక్కనే దాని పాఠం ఉచితంగా చూడవచ్చు. వుడ్రఫ్ డైరీలను, ఉత్తరాలను ఇలాగే అందుబాటులోకి తెచ్చే ప్రాజెక్టు ఆయన పేరుతోనే నడుస్తోంది. యంగ్ కార్యాలయ దస్త్రాలు, ఇతర నాయకులవి సాల్ట్ లేక్ సిటీలోని చర్చి చరిత్ర గ్రంథాలయంలో ఉన్నాయి. చాలావరకూ స్కాన్ చేసి కేటలాగ్ ద్వారా చూపిస్తున్నారు. అమెరికాలో ఉన్న తెలుగువారు అటు వెళ్తే ఆ గ్రంథాలయంలో అడుగుపెట్టండి. అది అందరికీ తెరిచే ఉంటుంది, ప్రవేశానికి రుసుము లేదు.

కేటలాగ్‌లో పేరు దొరకకపోతే నిరాశపడకండి. ఆ రోజుల్లో ఒకే మనిషి తన పేరును రెండు మూడు రకాలుగా రాసేవాడు. ఊరి పేరుతో, ఏడాదితో వెతకండి. ఊరి పేర్లు కూడా మారాయి. సాల్ట్ లేక్ సిటీ 1868 వరకూ గ్రేట్ సాల్ట్ లేక్ సిటీ. ఉత్తరాల తలకట్టులో మొదటి మూడు మాటలనూ పొడి అక్షరాలు చేసి జీ.ఎస్.ఎల్. సిటీ అని రాసేవారు.

మూడో మెట్టు: కాగితాన్ని వెనక్కి తిప్పండి

చాలామంది నేరుగా 'ప్రియ సోదరా' దగ్గర చదవడం మొదలుపెడతారు. అంతకుముందే చూడాల్సింది కాగితం వెనుక భాగం. స్కాన్లలో అది చివరి బొమ్మగా ఉంటుంది.

1845కు ముందు అమెరికాలో తపాలా ఖర్చు బరువును బట్టి కాదు, ఎన్ని కాగితాలు, ఎంత దూరం అనే లెక్కన ఉండేది. ఒక కాగితం 30 మైళ్ల లోపు వెళ్తే 6 సెంట్లు, 400 మైళ్లు దాటితే 25 సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. కవరు వాడితే అదీ ఒక కాగితం కిందే లెక్క. అందుకే కవరు వాడకుండా పెద్ద కాగితాన్ని మధ్యకు మడిచి నాలుగు పుటలు చేసి, మూడు పుటల్లో విషయం నింపేవారు. నాలుగో పుట మధ్యలో చిరునామాకు చోటు వదిలి, మడిచి లక్కతో అంటించేవారు. చోటు చాలకపోతే అంచుల్లో రాసేవారు. కొందరైతే కాగితాన్ని అడ్డంగా తిప్పి రాసిన వరుసల మీదే మళ్లీ రాసేవారు. ఉత్తరం మధ్యలో ఒక మాట దగ్గర చిరుగు కనబడితే అది చాలాసార్లు లక్క ముద్ర పీకినప్పటి గాయమే.

ఇప్పుడు చిరునామా పక్కన చూడండి. చేత్తో రాసిన అంకె ఉంటే అది తపాలా ఖర్చు. చెల్లించినట్టు గుర్తు ఉంటే పంపినవారు కట్టారు. లేకపోతే అందుకున్నవారి నెత్తిన పడింది. మొదట చెప్పిన ఉత్తరంలోని 25 సెంట్లు దూరం నుంచి వచ్చిన ఒంటి కాగితపు ధర. అంటే ఆ ఒక్క అంకెతోనే ఉత్తరం ఎంత దూరం నుంచి, ఎంత నిడివిలో వచ్చిందో అంచనాకు రావచ్చు. 1845లో బరువు లెక్క వచ్చింది, 1847లో బిళ్లలు వచ్చాయి, 1855 నుంచి ముందే చెల్లించడం తప్పనిసరి అయింది. ఆ తర్వాతి ఉత్తరాల్లో కవర్లు మామూలైపోతాయి. అయితే కవరు పారేసి ఉత్తరం మాత్రమే దాచిన సందర్భాలు ఎక్కువ, కాబట్టి దారి గుర్తులు పోతాయి.

చిరునామా ఉండి తపాలా ముద్ర గానీ ఖర్చు గానీ లేకపోతే అది మనిషి చేత పంపిన ఉత్తరం కావచ్చు. మోర్మన్లలో ఇది చాలా ఎక్కువ. మిషనరీలు, వలస బృందాలు, వ్యాపారం మీద వెళ్లేవారు సంచుల నిండా ఉత్తరాలు మోసేవారు. 1850 నుంచి మిస్సోరిలోని ఇండిపెండెన్స్ నుంచి సాల్ట్ లేక్‌కు ప్రభుత్వ తపాలా నెలకొకసారి వచ్చే ఏర్పాటు జరిగింది. చలికాలంలో కొండదారులు మంచుతో మూసుకుపోతే ఆ నెలకొకసారి కూడా ఉండేది కాదు. కాబట్టి జనవరిలో రాసిన ఉత్తరానికి వేసవి వరకూ జవాబు లేకపోతే నాయకుడు నిర్లక్ష్యం చేశాడని తొందరపడి రాయకండి.

ఇక మడత మీద వేరే చేతిరాతలో చిన్నగా పేరు, తేదీ, ఒకటి రెండు మాటలు కనిపిస్తాయి. అది కార్యాలయ గుమాస్తా వేసిన గుర్తు. మడిచిన ఉత్తరాలను గూళ్లలో నిలబెట్టి సర్దేవారు కాబట్టి బయటకు కనిపించే చోట అలా రాసేవారు. కొన్నిసార్లు జవాబు ఇచ్చిన తేదీ కూడా అక్కడే ఉంటుంది. ఆ ఒక్క తేదీ మీకు ఎంతో శ్రమ తప్పిస్తుంది.

నాలుగో మెట్టు: ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయండి

చేతిరాతను చూసి చదివేస్తే సరిపోదు, ఎత్తిరాయాలి. చెయ్యి కదిలితే తప్ప కన్ను పట్టుకోని సంగతులు ఉంటాయి. అక్షరదోషాలను దిద్దవద్దు. బడికి పెద్దగా వెళ్లని రైతు తాను పలికినట్టే రాశాడు. ఆ దోషంలో ఆయన యాస వినిపిస్తుంది. కొట్టివేతలను కొట్టివేతలుగానే చూపండి. ఒక మనిషి నాయకుడికి రాస్తూ మొదట ఏ మాట రాశాడో, దాన్ని ఎందుకు కొట్టేశాడో ఆలోచిస్తేనే ఆయన భయం తెలుస్తుంది. తెలియని మాటను ఊహించి పూరించకుండా చదరపు కుండలీకరణంలో 'అస్పష్టం' అని రాయండి.

కొత్తవారిని తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి. శతాబ్దపు తొలి సగంలో రెండు 'ఎస్' అక్షరాలు పక్కపక్కన వస్తే మొదటిది పొడవుగా, 'ఎఫ్' లాగా కనిపిస్తుంది. తేదీల దగ్గర వచ్చే 'ఇన్‌స్ట్' అంటే ఈ నెల, 'అల్ట్' అంటే పోయిన నెల. ఇది తెలియక ఉత్తరం తేదీని నెల ముందుకో వెనక్కో జరిపేస్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. మన పాత జాబుల్లో 'ఉభయకుశలోపరి' ఉన్నట్టే వీటికీ కట్టుదిట్టమైన ఆరంభ వాక్యాలు ఉన్నాయి: కలం పట్టే అవకాశం దొరికిందని, అందరం ఆరోగ్యంగా ఉన్నామని, మీరూ అలాగే ఉన్నారని ఆశిస్తున్నామని. వాటిని వినయానికో భక్తికో నిదర్శనంగా చూపించకండి. అసలు మనిషి ఆ వాక్యాలు అయిపోయిన చోట మొదలవుతాడు.

కొన్ని కాగితాలు అసలు అర్థం కాకపోవచ్చు. యంగ్ కార్యాలయంలో పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ వాడేవారు. 1850లలో ఇంగ్లీషుకే కొత్త లిపిగా 38 అక్షరాల డెజరెట్ లిపిని తయారుచేశారు, దాన్ని కొందరు రాతకోతల్లో వాడారు కూడా. అలాంటి పుట ఎదురైతే పక్కన పెట్టి, ఆ లిపి తెలిసినవారు చేసిన పాఠం ఉందేమో చూడండి.

అయిదో మెట్టు: జవాబుతో జత కలపండి

అసలు పని ఇక్కడే ఉంది. ఒంటరి ఉత్తరం సగం సంభాషణ. మిగతా సగాన్ని వెతకనిదే మొదటి సగం అర్థమైందని అనుకోకూడదు.

మొదట మంచి ఉదాహరణ. 1838 డిసెంబరు నుంచి జోసెఫ్ స్మిత్ మిస్సోరిలోని లిబర్టీ ఊరి జైలులో ఉన్నారు. మోర్మన్లను ఆ రాష్ట్రం నుంచి వెళ్లగొడుతున్నారు. ఆయన భార్య ఎమ్మా నలుగురు పిల్లలతో ఇల్లూ వాకిలీ వదిలి, గడ్డకట్టిన మిసిసిపి నదిని దాటి ఇల్లినాయ్‌లోని క్విన్సీ చేరారు. అక్కడి నుంచి 1839 మార్చి 7న భర్తకు రాశారు. తెలిసిన మనిషి అటు వెళ్తున్నాడు కాబట్టి రాస్తున్నానని మొదలవుతుంది. ఇల్లు వదిలి, భర్తను ఆ జైలులో వదిలి వచ్చినప్పుడు తన మనసులో ఏముందో దేవుడికి తప్ప మరెవరికీ తెలియదని అంటారు. ఇక మార్చి 20న జైలు నుంచి జోసెఫ్ రాసిన సుదీర్ఘ లేఖ తీయండి. నిన్న సాయంత్రం ఎమ్మా నుంచి, తమ్ముడు డాన్ కార్లోస్ నుంచి, బిషప్ పార్ట్రిడ్జ్ నుంచి ఉత్తరాలు అందాయని, అవి ఎంతో ఊరటనిచ్చాయని అందులో ఉంది. మార్చి 7న రాసింది 19న చేరింది, అంటే 12 రోజులు. జైలు నుంచి వెళ్లిన ఆ లేఖలోని భాగాలే తర్వాత మోర్మన్ల పవిత్ర గ్రంథమైన 'సిద్ధాంతము మరియు నిబంధనలు'లో 121, 122, 123 ప్రకరణాలయ్యాయి. గ్రంథాన్ని మాత్రమే చదివేవారికి అది ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది. జతగా చదివితే, నది దాటి వచ్చిన ఒక ఇల్లాలి జాబు దానికి ముందు రోజే అక్కడికి చేరిందని తెలుస్తుంది.

ఎమ్మా ఉత్తరం మనకు దొరికేది గుమాస్తా లెటర్‌బుక్‌లోకి, అంటే ఉత్తరాల నకళ్ల పుస్తకంలోకి, ఎత్తిరాసిన ప్రతిగా. ఆమె చేతిరాత, మడతలు, చిరునామా అక్కడ ఉండవు. అలాంటప్పుడు మూడో మెట్టులో చెప్పినవి పనిచేయవని మీ నోట్సులో స్పష్టంగా రాసుకోండి.

ఇప్పుడు బాధాకరమైన ఉదాహరణ. 1857 సెప్టెంబరులో, ఫెడరల్ సైన్యం యూటా వైపు వస్తోందన్న ఉద్రిక్తత మధ్య, ఆర్కాన్సా నుంచి కాలిఫోర్నియా వెళ్తున్న వలస బండ్ల బృందం దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ దగ్గర ముట్టడిలో చిక్కుకుంది. సీడార్ సిటీ నాయకుడు ఐజాక్ హైట్, ఏం చేయాలో అడుగుతూ యంగ్‌కు ఉత్తరం రాసి జేమ్స్ హాస్లమ్ అనే రౌతు చేతికిచ్చారు. ఆయన గుర్రాలు మార్చుకుంటూ సుమారు 250 మైళ్లు ప్రయాణించి సెప్టెంబరు 10న సాల్ట్ లేక్ చేరి, అదే రోజు జవాబుతో వెనుదిరిగారు. తిరిగి చేరింది 13న. 11వ తేదీనే స్థానిక మోర్మన్ సైనిక దళం, కొందరు మూలవాసులు కలిసి దాదాపు 120 మందిని చంపేశారు.

యంగ్ జవాబు మిగిలింది. కార్యాలయంలో బయటకు వెళ్లే ఉత్తరాలను తడిపిన పల్చటి కాగితం మీద అదిమి నకలు తీసేవారు. ఆ నకళ్ల పుస్తకంలో అది ఉంది. వలస బృందాల జోలికి వెళ్లవద్దని, మూలవాసులు తమకు తోచినట్టు చేస్తారని, వారితో సఖ్యత కాపాడుకోవాలని అందులో ఉంది. హైట్ రాసిన ఉత్తరం మాత్రం దొరకలేదు. ప్రశ్న తెలియని జవాబు ఇది. అందుకే దీని మీద ఇన్ని దశాబ్దాలుగా చరిత్రకారులు వాదించుకుంటున్నారు. దొరకని ఉత్తరం ఎంత బరువైనదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మీ జాబితాలో దొరికినవే కాకుండా, ఇతర పత్రాల్లో ప్రస్తావన ఉండి దొరకనివాటికి కూడా ఒక వరుస పెట్టండి.

జత వెతకడానికి డైరీలు గొప్ప సాయం. వుడ్రఫ్ అరవై ఏళ్లకు పైగా డైరీ రాశారు. ఎవరి నుంచి ఉత్తరం వచ్చింది, ఎవరికి రాశారు అని గుర్తుపెట్టడమే కాదు, ఏడాది చివర మొత్తం ఎన్ని వచ్చాయో, ఎన్ని రాశారో లెక్క కూడా వేసుకునేవారు. ఉత్తరం తేదీకి రెండు మూడు వారాల తర్వాతి డైరీ పుటలు తిరగేయండి.

ఆరో మెట్టు: కలం ఎవరిది, గొంతు ఎవరిది

సంతకం చేసినవారే రాశారని అనుకోవద్దు. మూలవాసుల్లో యూట్ తెగ నాయకుడు వాకరా, షోషోనీ తెగ నాయకుడు వాషకీ వంటివారి మాటలు దుబాసీల ద్వారా, మోర్మన్ లేఖకుల చేతిమీదుగా కాగితం ఎక్కాయి. మధ్యలో ఎవరున్నారో తెలియకుండా 'వాకరా ఇలా అన్నాడు' అని రాయడం అన్యాయం. చదువు రానివారు పొరుగువారితో రాయించుకున్న ఉత్తరాలకూ ఇదే వర్తిస్తుంది. సంతకం, విషయం ఒకే చేతిరాతలో ఉన్నాయో లేదో పోల్చి చూడండి.

ఎందుకు రాస్తున్నారో కూడా గమనించాలి. టేలర్, వుడ్రఫ్ కాలంలో సాల్ట్ లేక్ నుంచి మిషనరీ సేవకు రమ్మని పెళ్లయిన మగవారికి సైతం పిలుపు ఉత్తరాలు వెళ్లేవి. అంగీకారం తెలుపుతూ వారు రాసిన జవాబులు దస్త్రాలుగా ఉన్నాయి. చాలావాటి మీద ఊరి బిషప్ సిఫారసు కూడా ఉంటుంది. మొదటి వాక్యంలో వెళ్తానని ఉంటుంది. తర్వాత వాక్యాల్లో అప్పు, సగం కట్టిన ఇల్లు, కోతకొచ్చిన పంట, కొద్ది నెలలు గడువు దొరుకుతుందా అన్న ప్రశ్న ఉంటాయి. నమ్మకం లేనివారు కాదు వీరు. నమ్మకానికి, సంసారానికి మధ్య నలిగినవారు. ఈ దస్త్రాల్లో నన్ను ఎక్కువగా కదిలించేవి ఇవే. వీటిని త్యాగనిరతి అనో, ఒత్తిడి అనో ఒక్క మాటతో తేల్చేస్తే ఆ మనుషులను చిన్నబుచ్చినట్టవుతుంది.

ఏడో మెట్టు: అసలా, నకిలీయా?

ఈ రంగంలో అనుమానం అవసరం. 1980లలో మార్క్ హాఫ్‌మన్ అనే వ్యక్తి తొలి మోర్మన్ల పేరిట ఎన్నో పత్రాలు సృష్టించి అమ్మాడు. వాటిలో పేరుమోసినది 1830 నాటిదంటూ చూపిన 'సాలమాండర్ లేఖ'. తొలి మోర్మన్లలో ఒకరైన మార్టిన్ హారిస్ డబ్ల్యూ. డబ్ల్యూ. ఫెల్ప్స్‌కు రాసినట్టుగా ఉన్న ఆ లేఖను నిపుణులు కూడా నమ్మారు. గుట్టు బయటపడే దశలో 1985 అక్టోబరులో అతడు పెట్టిన బాంబులకు ఇద్దరు బలయ్యారు. సిరా పాతదిగా కనిపించేలా అతడు చేసిన ప్రక్రియ వల్ల దాని మీద సన్నని పగుళ్లు వచ్చాయని మైక్రోస్కోపు కింద తేలింది.

ఇంట్లో కూర్చుని సిరా పరీక్షించలేం. కానీ ఈ పత్రం 1980కి ముందు ఏ జాబితాలోనైనా ఉందా, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, తపాలా ఖర్చు ఆ ఏడాది ధరతో సరిపోతుందా, ఊరి పేరు ఆ కాలానిదేనా అని అడగవచ్చు. మరీ సంచలనంగా ఉన్న ఉత్తరం దొరికితే మరింత నెమ్మదించండి.

సాధనకు ఒక పని: మద్రాసు నుంచి వచ్చిన ఉత్తరాలు

తెలుగు పాఠకులకు దగ్గరగా ఉన్న కట్ట ఒకటుంది. 1852 ఆగస్టు చివర సాల్ట్ లేక్‌లో జరిగిన సభలో తొమ్మిది మందిని హిందూస్థానానికి మిషనరీలుగా పిలిచారు. బహుభార్యాత్వాన్ని చర్చి బహిరంగంగా ప్రకటించింది కూడా అదే సభలో. వారు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ ఎక్కి 1853 ఏప్రిల్‌లో కలకత్తా చేరారు. వారిలో రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్, రాబర్ట్ ఓవెన్స్ మద్రాసు వచ్చారు. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. బాలంటైన్ 1854లో మద్రాసులో ఒక చిన్న పత్రిక కూడా నడిపి, ఆ ఏడాదే వెళ్లిపోయారు. భారతదేశంలోని ఈ మిషనరీలు నాయకులకు రాసిన ఉత్తరాల్లో చాలావాటిని లివర్‌పూల్ నుంచి వెలువడే 'మిలీనియల్ స్టార్' పత్రిక అచ్చువేసింది. ఆ సంచికలు స్కాన్లుగా దొరుకుతాయి.

పై మెట్లన్నీ వీటి మీద ప్రయోగించండి. ఉత్తరం రాసిన తేదీ, పత్రికలో అచ్చయిన తేదీ పక్కపక్కన రాసుకుంటే మద్రాసు నుంచి సూయజ్ దారిలో ఇంగ్లండుకు వార్త ఎన్నాళ్లలో చేరిందో అంచనా దొరుకుతుంది. అచ్చులో ఉన్నది సంపాదకుడు కోసి సర్దిన పాఠం కావచ్చు కాబట్టి, మూలప్రతి గానీ మిషనరీ డైరీ గానీ దొరికితే పోల్చండి. వారి పని ఎక్కువగా యూరోపియన్లు, సైనికుల మధ్యే సాగింది. అందువల్ల ఉత్తరంలో ఈ నేల మీది మనుషులు ఎక్కడ కనిపిస్తారు, పేరుతో కనిపిస్తారా, గుంపుగానా అన్నది విడిగా రాసుకోండి. ఆ తర్వాత 1853, 54 నాటి మద్రాసు పత్రికలు తెరిచి, అదే వారంలో అదే మనుషుల గురించి ఎదుటివారు ఏమి రాశారో వెతకండి.